తప్పు ఎడమది, శిక్ష కుడిది

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మన పెద్దవాళ్ళు ఈ సామెత మనుషుల గురించి చెప్పారు గానీ, నన్నడిగితే ఈ రోజుల్లో ఇది కార్లకే బాగా అతుకుతుంది. మనిషైతే కనీసం "దున్నపోతేమిటి, ఈనడమేమిటి?" అని ఒక్క క్షణం తల గోక్కుంటాడు. కారులో ఉండే కంప్యూటరుకి గోక్కోవడానికి తలలేదు. విన్న మాట నిజమని నమ్మి, మనం కన్ను మూసి తెరిచేలోగా పలుపుతాడు పట్టుకుని బయల్దేరుతుంది. ఆ పలుపుతాడు ఎవరి మెడకి పడుతుందో, ఎటు లాగుతుందో దానికి పట్టదు.

మా ఇంట్లో ఉన్నది 2013 మోడలు కారు. బెంగుళూరులో మా తమ్ముడు ఎనిమిదేళ్ళు వాడుకుని, కొత్తది కొనుక్కుంటూ, "పరాయివాళ్ళకి ఇస్తే ఏమొస్తుందక్కా, నువ్వే ఉంచుకో" అంటూ 2021లో మదనపల్లెకి తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టాడు. ఏ కంపెనీదో చెప్పను. ఇన్నేళ్ళు చాకిరీ చేసినదాని పేరు బజారుకెక్కించడం భావ్యం కాదు. మావారికి చక్కెర జబ్బు మూలంగా చూపు మందగించి, ఊరి పొలిమేర దాటి నడపడం మానేశారు. నేను నలభై ఆరో ఏట నేర్చుకున్నాను. కాబట్టి ఊరు దాటాలంటే స్టీరింగు నాదే.

ఊరు దాటడం అంటే నాకు కుప్పం. మా అమ్మ అక్కడ ఒక్కతే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. నెలకోసారి కంటికి ఇంజక్షను చేయించాలి. మా దగ్గరికొచ్చి ఉండమ్మా అంటే ససేమిరా అంటుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, పాలవాడితో తమిళం, పూలమ్మితో కన్నడం, దేవుడితో తెలుగు మాట్లాడే మనిషి మా అమ్మ. "మీ మదనపల్లెలో ఒక్క భాషతో ఎట్లా పొద్దుపోతాది?" అంటుంది. "రవీంద్రనాథ్ ఠాగూరంతటివాడు 1919లో మా ఊరొచ్చి, బిసెంటు కాలేజీలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషు చేశాడమ్మా" అని ఒకసారి గొప్పగా చెప్పాను. "ఆయన మాత్రం ఉండిపోయినాడా? పని కాంగానే ఎళ్ళిపోయినాడు గదా" అంది. ఇక నేనేమనను?

అందుకని శనివారం విడిచి శనివారం నా ప్రయాణం. మదనపల్లెలో టమోటా లారీల మధ్యనుంచి బయటపడి పుంగనూరు, అక్కణ్ణుంచి పలమనేరు, వి.కోట, ఆపైన కుప్పం. పుంగనూరు ఆవుల ఖ్యాతి మీకు తెలిసిందే. నడుమెత్తు కూడా ఉండని ఆ బుజ్జి ఆవు రోడ్డుకడ్డంగా నిలబడితే లారీ అయినా ఆగాల్సిందే. పలమనేరు దాటాక అడవి, ఏనుగులు తిరిగే తావు. ఇన్ని అడ్డంకుల మధ్య ఎక్కడ బ్రేకు వెయ్యాలో నాకు కొట్టినపిండి. అలాంటిది, నేను వెయ్యకుండానే బ్రేకు పడడం మొదలైంది.

మొదటిసారి 2023 ఫిబ్రవరిలో. పుంగనూరులో ఒక కూడలి దగ్గర కుడికి తిరుగుతున్నాను. వేగం ముప్ఫై కూడా ఉండదు. హఠాత్తుగా ముందు కుడి చక్రాన్ని ఎవరో పట్టుకున్నట్టయింది. బండి ముక్కు ఇంకాస్త కుడికి మొగ్గింది. ఎక్సలరేటరు తొక్కుతున్నా ఇంజను మూలిగింది తప్ప కదల్లేదు. కింద గరగరమని చప్పుడు. ఎదుట అద్దాల కింద, కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు ఉంటాయి చూడండి, ఆ పసుపు దీపం టపటపా కొట్టుకుంది. రెండు క్షణాలు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు బండి మామూలుగా పోయింది.

మదనపల్లెలో ఒక మెకానిక్కుకి చెప్పాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు కూడా కాదు. "మీ కాలు బ్రేకు మీదే ఉండి ఉంటాది మేడమ్. ఆడోళ్ళు శానామంది అట్లే తోల్తారు" అన్నాడు. బండి తీసుకుని తిన్నగా ఉన్న రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి వచ్చి, "ఏమీ లేదు, బంగారంలా ఉంది" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. పక్కన నిలబడ్డ మావారు ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినవాళ్ళకి ఆ మౌనానికి అర్థం నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే పాల లెక్క రాసే పుస్తకం వెనకనుంచి తిప్పి గీతలు గీశాను. తేదీ, చోటు, వేగం ఎంత, మలుపు ఎటు, దీపం వెలిగిందా, బండి అప్పుడే తీశానా, వేడెక్కిందా, రోడ్డు తడా, పొడా. మనకిది కొత్త విద్యేమీ కాదు. పిల్లలకి జ్వరమొస్తే పూటపూటకీ ఎంతుందో రాసిపెట్టి డాక్టరుకి చూపించినవాళ్ళమే. పాలవాడు ఏ రోజు రాలేదో, గ్యాసు బండ ఎన్నాళ్ళొచ్చిందో క్యాలెండరు మీద సున్నా చుట్టినవాళ్ళమే. కారుకి జ్వరం వస్తే ఎందుకు రాయకూడదు?

మార్చి మొదటి వారానికి ఆరు పద్దులు చేరాయి. ఆరింటికి ఆరూ కుడి మలుపులే. ఎడమకి తిరిగితే రాదు, తిన్నగా పోతే రాదు. పుంగనూరులో ఇంకో మెకానిక్కుకి ఆ కాగితం చూపించాను. ఆయన మర్యాదస్తుడు. చదివాడు. "కుడికి తిప్పితేనే పట్టుకుంటా ఉందంటే కుడి చక్రం బ్రేకే పట్టేస్తా ఉందన్నమాట" అన్నాడు. చక్రం విప్పి చూపించాడు. నిజమే, కుడి పక్క బ్రేకు ప్యాడ్లు ఎడమవాటికంటే అరిగి ఉన్నాయి. ప్యాడ్లు మార్చి, దుమ్ము దులిపి, జారాల్సిన చోట గ్రీజు పెట్టి పంపాడు. అతని తర్కంలో వంక పెట్టడానికేమీ లేదు. దెబ్బ తగిలినవాడి ఒంటి మీదే వాత ఉంటుంది. కొట్టినవాడు వేరే చోట ఉంటాడని ఎవరు అనుకుంటారు?

ఆ ఏడు ఉగాదికి అమ్మ మా ఇంటికొచ్చింది. పండగ అయ్యాక మూడోనాడు, శనివారం, ఆమెను దిగబెట్టడానికి బయల్దేరాను. పలమనేరు దాటి అడవి దారిలో కుడి మలుపు ఒకటి. వెనక నిండా సరుకేసుకున్న టమోటా లారీ. నలభైలోపే పోతున్నాను. సరిగ్గా మలుపు మధ్యలో పట్టేసింది. మనం రోడ్డుకి ఎడమవైపు పోయేవాళ్ళం, కుడికి లాగిందంటే ఎదురొచ్చే బళ్ళ దారిలోకే లాగినట్టు. అదృష్టం, ఎదురుగా ఏదీ లేదు. లారీవాడు కీచుమని బ్రేకు వేసి, మా వెనక బారెడు దూరంలో ఆగి, తమిళంలో నన్ను నాలుగు మాటలన్నాడు. పక్క సీట్లో ఉన్న అమ్మ అదే తమిళంలో అతనికి ఎనిమిది తిరిగి అంది.

కాసేపయ్యాక అమ్మ నెమ్మదిగా అడిగింది. "నీ కాలు బ్రేకు మీద లేదు గదా?"

"లేదమ్మా."

"నాకు తెలుసు. కండ్లు సరిగా ఆనవు గానీ నా నడుం చెప్తాది. మనం బ్రేకేస్తే మనిషి ముందుకి ఊగుతాడు. ఇప్పుడు నేను పక్కకి ఊగినా. బండిని ఎవురో కుడి చెయ్యి పట్టుకుని ఈడ్చినట్టు అయింది."

నా మాట నమ్మిన మొదటి మనిషి, సరిగ్గా చూపులేని మా అమ్మ.

ఆ రాత్రి ఫోనులో మావారు, "బండి అక్కడే వదిలేసి రేపు బస్సెక్కి రా. ఇంక దాన్ని నువ్వు తియ్యొద్దు. అమ్మేద్దాం" అన్నారు. ఆయన కంగారు నాకర్థమైంది. కానీ అమ్మెయ్యడం అంటే ఏమిటో కూడా నాకర్థమైంది. మళ్ళీ కారు కొనే తాహతు మాకు లేదు. బస్సులో పోయి రావడానికి రోజంతా సరి. అమ్మని ఆటోలో ఎక్కించి దించి ఆసుపత్రికి తిప్పడం, మళ్ళీ ఆ పూటకే బస్సుకి పరుగెత్తడం. శనివారం విడిచి శనివారం కాస్తా నెలకోసారి అవుతుంది, ఆ నెలకోసారి కాస్తా పండక్కీ పబ్బానికీ అవుతుంది. ఎన్ని ఇళ్ళల్లో చూడలేదూ! పైగా, అమ్మేస్తే కొనుక్కున్నవాళ్ళ ప్రాణాల మాటేమిటి?

అమ్మ వాళ్ళ వీధి చివర ఒక కుర్రాడు షెడ్డు పెట్టాడు. బెంగుళూరులో ఆరేళ్ళు పనిచేసి సొంత ఊరికి వచ్చేశాడట. మర్నాడు ఆదివారమైనా అమ్మ కబురు పెడితే వచ్చాడు. నేను చెప్పేదంతా విన్నాక పుస్తకం అడిగి తీసుకున్నాడు. పదకొండు పద్దులూ రెండుసార్లు చదివాడు. "అక్కా, ఇంత రాసిస్తే సగం పని అయిపోయినట్టే. కుడికి తిప్పినప్పుడే, నలభైలోపే, దీపం కొట్టుకుంటా ఉంది. అంటే బ్రేకు దానంతట అది పట్టుకోలేదు. ఎవురో పట్టుకోమన్నారు" అన్నాడు.

ఎవరా ఎవరో? ఇక్కడ కాస్త పాఠం చెప్పాలి. భయపడకండి, మా వంటింటి భాషలోనే చెబుతాను.

నాలుగు చక్రాల దగ్గరా నాలుగు చిన్న సెన్సర్లుంటాయి. చక్రంతోపాటు తిరిగే పళ్ళ వలయమో, అయస్కాంతపు వలయమో ఒకటి ఉంటుంది. దాన్ని చూస్తూ సెన్సరు ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెడుతుంది. ఆ లెక్కను బట్టి ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకి తెలుస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్. ఈ లెక్క మీదే బతుకుతుంది. జర్మనీలో బాష్ కంపెనీ దీన్ని 1978లో మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు.

దాని మీద ఇంకో మెట్టు ఈ.ఎస్.పి. బండి నిలకడ చూసే ఏర్పాటు. 1995లో బాష్ వాళ్ళూ మెర్సిడెస్ వాళ్ళూ కలిసి మొదట పెద్ద కార్లకి పెట్టారు. 1997లో స్వీడనులో ఒక పత్రికవాళ్ళు, రోడ్డు మీద అడ్డొచ్చిన దుప్పిని తప్పించే పరీక్ష అంటూ మెర్సిడెస్ చిన్న కారును గబగబా ఎడమకీ కుడికీ తిప్పేసరికి అది కాస్తా బోర్లాపడింది. ప్రపంచమంతా నవ్వింది. ఆ కంపెనీ సరఫరా ఆపి, ఆ చిన్న కారుకీ ఈ.ఎస్.పి. బిగించింది. పెద్దింటివాళ్ళ నగ మధ్యతరగతివాళ్ళ మెడలోకి రావడం అలా మొదలైంది.

ఇది చేసే పని ఏమిటంటే, డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో స్టీరింగు దగ్గరున్న సెన్సరుని అడుగుతుంది. బండి నిజంగా ఎటు తిరుగుతోందో సీటు కిందో, మధ్యలోనో ఉండే ఇంకో సెన్సరుని అడుగుతుంది. అది అచ్చం మా అమ్మ నడుం లాంటిది. ఊగుడు కనిపెడుతుంది. రెండు మాటలూ కలవకపోతే, ఏదో ఒక చక్రానికి మాత్రం బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. మన కాలితో నాలుగు చక్రాలకీ కలిపే వెయ్యగలం. విడివిడిగా ఒక్కో చక్రానికి వెయ్యడం దానికే సాధ్యం.

దీనితోపాటే ఇంకో ఉద్యోగమూ ఉంది. బురదలో ఒక చక్రం కూరుకుపోయి ఊరికే గిరగిరా తిరుగుతుంటే, ఇంజను బలమంతా ఆ తిరిగేదానికే పోయి, గట్టినేల మీదున్న చక్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. అప్పుడు కంప్యూటరు తిరిగే చక్రానికి బ్రేకు వేసి, ఇంజనుని కూడా కాస్త తగ్గమంటుంది. బలం రెండో చక్రానికి మళ్ళుతుంది. చక్కటి ఏర్పాటు. సాక్షులు నిజం చెప్పినంతకాలం.

ఇక మా కారు కోర్టు సంగతి. ఎడమ చక్రం సెన్సరు హఠాత్తుగా "నేను ఆగిపోయాను" అంటే కంప్యూటరుకి ఏమని తోస్తుంది? ఎడమది ఆగింది, కుడిది తిరుగుతోంది, కాబట్టి కుడిది బురదలో ఉత్తినే తిరుగుతోంది అనుకుంటుంది. పట్టుకో కుడిదాన్ని! ఇంజనూ, నువ్వు గమ్మునుండు! అబద్ధమాడింది ఎడమది. దెబ్బ తిన్నది కుడిది. పుంగనూరాయన మార్చిన ప్యాడ్లు పాపం నిరపరాధివి.

కుర్రాడు ఇదంతా మొదటే తేల్చి చెప్పలేదు. వరసగా చూసుకుంటూ పోయాడు. ముందు నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, గాలి సమంగా ఉందా అని చూశాడు. ఒకటి చిన్నదైతే అది ఎక్కువ చుట్లు తిరుగుతుంది, లెక్క తప్పుతుంది. తర్వాత బ్యాటరీ. అది నీరసపడితే లేనిపోని దీపాలన్నీ వెలుగుతాయట. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు స్టీరింగు కింద ప్లగ్గులో స్కానరు పెట్టాడు. ముందు ఎడమ చక్రం సెన్సరు మాట నిలకడగా లేదని కంప్యూటరు తనే ఎప్పుడో రాసిపెట్టుకుని ఉంది! నాకు ఒళ్ళు మండింది. "దానికి తెలిసే ఇదంతా చేసిందా?" అన్నాను.

"తెలిసే లోపల జరిగిపోతాది అక్కా. తీగ పూర్తిగా తెగిపోతే వెంటనే కనిపెట్టి, దీపం వెలిగించి, నేను చెయ్యను పొమ్మని పక్కన కూర్చుంటాది. అతుకుతా, విడిపోతా ఉంటేనే మోసపోతాది" అన్నాడు.

"అయితే సెన్సరు మార్చేస్తే సరి."

"ఉండక్కా. ఆ గుర్తు ఏ మూలో చెప్తాది గానీ, ఏ వస్తువో చెప్పదు. సెన్సరా, తీగా, వలయమా, బేరింగా, చూడాల గదా."

ఊరి బయట ఖాళీ స్థలంలో నేను నడుపుతుంటే అతను పక్కన కూర్చుని స్కానరులో నాలుగు చక్రాల అంకెలూ చూశాడు. తిన్నగా పోతే నాలుగూ ఇరవై. ఎడమకి గుండ్రంగా తిప్పితే కుడివైపువి కాస్త ఎక్కువ, ఎడమవైపువి కాస్త తక్కువ. వెనక సీట్లో మా అమ్మ కూడా ఉంది. రానంటుందా? "కళ్ళంలో ఎద్దుల్ని కట్టి తొక్కిస్తే గుంజ పక్కనుండేది మెల్లిగా నడుస్తాది, బయటిది పరిగెత్తాల. అంతే గదరా?" అంది. "అంతే అవ్వా" అన్నాడు వాడు. ఆ లెక్కన కుడికి తిప్పితే ఎడమ చక్రాలు బయటివి, అవే పరుగెత్తాలి. తిప్పాను. వెనక ఎడమది పరుగెత్తింది. ముందు ఎడమది ఇరవై రెండు, ఇరవై రెండు, తొమ్మిది, సున్నా, మళ్ళీ ఇరవై రెండు. ఆ సున్నా పడ్డ క్షణంలోనే గరగర, దీపం, లాగుడు. నెల్లాళ్ళుగా నేను చెబుతున్న మాట, అంకెల్లో, అందరూ చూసేలా.

షెడ్డుకొచ్చాక జాకీ మీద ఎడమ చక్రం లేపాడు. స్టీరింగు తిన్నగా పెట్టి చక్రం చేత్తో తిప్పితే స్కానరులో అంకె కదిలింది. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి అదే పని చేస్తే అంకె వస్తూ పోతూ ఉంది. సెన్సరు నుంచి వచ్చే తీగను వేలితో మెల్లిగా లాగితే ఠక్కున సున్నా. దొంగ దొరికాడు. పైన తొడుగు నిక్షేపంలా ఉంది, లోపల రాగి నూళ్ళు తెగి ఉన్నాయి. ఎందుకు తెగాయి? ఆ తీగను షాక్ అబ్జార్బరు కాడకి పట్టి ఉంచే చిన్న రబ్బరు పట్టీ లేదు. రెండేళ్ళ కిందట ఎవరో అక్కడ పని చేసి, పట్టీ తిరిగి పెట్టలేదు. అప్పట్నుంచీ కుడికి తిప్పిన ప్రతిసారీ తీగ సాగింది. సాగి సాగి తెగింది. వీధి గుమ్మం దగ్గర లాగి కట్టిన బట్టలతాడు గతే.

తీగ సెన్సరుతో కలిపే వస్తుంది. "అతుకేసి టేపు చుట్టేదా?" అని అతను అడగలేదు, నేనూ అనలేదు. బెంగుళూరు నుంచి కొత్తది తెప్పించి బిగించి, రబ్బరు పట్టీ పెట్టాడు. పాత గుర్తులు చెరిపేసి, మళ్ళీ అదే స్థలంలో ఎడమకీ కుడికీ తిప్పించి చూసుకుని గానీ డబ్బులు తీసుకోలేదు. సామానుకీ కూలికీ కలిపి, పుంగనూరులో ప్యాడ్లకయినంత కూడా కాలేదు.

ఆ తర్వాత కూడా రెండు నెలలు రాశాను. తేదీ ఉంది, చోటు ఉంది, ఎదురుగా ఏమీ లేదు. ఖాళీ గళ్ళు చూసి అంత సంతోషించిన రోజులు నాకు లేవు. మావారు ఆ పుస్తకం ఒకరోజు తీరిగ్గా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా "ఎడమ సెన్సరని మేం కనిపెట్టాం" అంటారు. ఆ "మేం"లో నాకూ చోటుంది గదా అని ఊరుకుంటాను.

ఇది చదివి, పాత కారున్న అమ్మలెవరైనా ఉంటే నాలుగు మాటలు. పసుపు దీపానికీ ఎర్ర దీపానికీ తేడా తెలుసుకోండి. ఏ.బి.ఎస్., ఈ.ఎస్.పి. పసుపు దీపం వెలిగి నిలిచిపోతే సహాయకులు సెలవు పెట్టారని అర్థం. మామూలు బ్రేకు ఉంటుంది, నెమ్మదిగా మెకానిక్కు దాకా పోవచ్చు. ఎర్ర బ్రేకు దీపం వెలిగితే, చేతి బ్రేకు దించే ఉందని చూసుకున్నాక కూడా ఆరకపోతే, బండి పక్కకి ఆపెయ్యండి. బండి దానంతటది పట్టుకుంటే కంగారుపడి స్టీరింగు విసురుగా తిప్పకండి. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, దారిలో నిలిపి, నాలుగు వైపులా సిగ్నల్ దీపాలు వేసి, నెమ్మదిగా అంచుకి తీయండి. ఈ.ఎస్.పి. ఆపేసే మీట ఉంటుంది, నొక్కేస్తే పోతుంది కదా అనే సలహా మీకూ వస్తుంది. అది మందు కాదు. చాలా కార్లలో దాన్ని నొక్కినా ఏ.బి.ఎస్. పనిచేస్తూనే ఉంటుంది, దానికీ అదే దొంగసాక్షి. పైగా నిజంగా వానలో జారిన రోజున ఆదుకునేవాడు ఉండడు. చక్రాల వరస సరిచేయించినప్పుడల్లా, స్టీరింగు సెన్సరుకి మధ్య స్థానం ఎక్కడో నేర్పించాలా అని అడగండి. కొన్ని కార్లకి అది చెయ్యకపోయినా ఇదే గోల. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు, ఎక్కడ, ఎటు తిరిగితే అన్నది రాసిపెట్టుకోండి. "అప్పుడప్పుడూ ఏదో అవుతోంది" అంటే ఎవరూ వినరు. "పదకొండుసార్లు, పదకొండూ కుడికే" అంటే వినక తప్పదు.

ఈ మాట నాకంటే ముందు పట్టుకున్నది మా అమ్మ. కొన్నాళ్ళుగా ఆమెకి తల తిరుగుతోందంటే డాక్టరు "వయసు పెద్దమ్మా" అనేవాడు. ఆ వేసవిలో నేను వెళ్ళేసరికి, "నాకూ ఒక పుస్తకం కొనియ్యి. నేను చెప్తా, పక్కింటి పిల్ల రాస్తాది" అంది. పదిహేను రోజులు రాయించింది. పొద్దున బి.పి. మాత్ర వేసుకున్న గంటకి, కూర్చున్నది లేచినప్పుడు, తొమ్మిదిసార్లు. మధ్యాహ్నం ఒక్కసారీ లేదు. డాక్టరు ఆ కాగితం చూసి, ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూసి, మాత్ర మోతాదు తగ్గించాడు. వయసు అలాగే ఉంది, తల తిరగడం తగ్గింది.

ఆ పుస్తకం అట్ట మీద పేరు ఏమని రాయమంటావమ్మమ్మా అని ఆ పిల్ల అడిగితే, మా అమ్మ చెప్పిందట, "నా కాలు బ్రేకు మీద లేదు అని రాయి" అని.